జా గార్డ్ ఉన్న బేస్‌బాల్ హెల్మెట్: ఒక సీజన్ వాడాక

మొదటిసారి ఆర్డర్ పెట్టినప్పుడు ఎడమ చెంపకి రావాల్సిన దవడ గార్డ్ కుడి చెంపకి వచ్చింది. తప్పు నాదో కంపెనీదో మా ఇంట్లో ఇంకా తేలలేదు. కుడిచేతి బ్యాటర్‌కి ఒకటి, ఎడమచేతి బ్యాటర్‌కి ఒకటి అని రెండు రకాలు అమ్ముతారు. కుడిచేతివాటం పిల్లాడు నిలబడితే పిచర్ (బంతి వేసేవాడు) వైపు ఉండేది ఎడమ చెంప. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే, గార్డ్ ఎడమవైపు కావాలి కదా అని "ఎడమ" నొక్కాను. అక్కడ ఎడమ అంటే బ్యాటర్ చెయ్యట! రెండింటికీ ఒకటే ఫోటో పెట్టారు, ఎలా తెలుస్తుంది? వెనక్కి పంపడానికి 9 డాలర్లు నా చేతి చమురే వదిలింది. మీరైనా గుర్తుపెట్టుకోండి. కుడిచేతి పిల్లాడికి "కుడి" అని ఉన్నదే తీసుకోండి, గార్డ్ దానంతటదే ఎడమకి వస్తుంది.

మేముండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. మా చిన్నోడికి పదకొండేళ్లు, ఈ వసంతం సీజన్ అంతా లీగ్‌లో ఆడాడు. హెల్మెట్ 74 డాలర్లు. కంపెనీ పేరు రాయడం లేదు. నేను మెచ్చుకునేదీ తిట్టేదీ ఆ ఒక్క కంపెనీకే కాదు, ఈ రకం హెల్మెట్లన్నింటికీ ఎంతో కొంత వర్తిస్తుంది.

చూడనివాళ్లకి చెప్తాను. మామూలు బ్యాటింగ్ హెల్మెట్ రెండు చెవులూ కప్పుతుంది, ముఖం మాత్రం ఖాళీ. దీనికి ఒక చెవి డొప్ప నుంచి గట్టి ప్లాస్టిక్ పట్టీ కొమ్ములా వంగి ముందుకొస్తుంది. చెంప ఎముక దగ్గర మొదలై పెదవి కొస దాకా కాస్తుంది. వెడల్పు నా మూడు వేళ్లంత. అన్నీ కలిపి మా వంటింటి త్రాసులో 610 గ్రాములు తూగింది.

టీమ్ బ్యాగులో హెల్మెట్లు లేవా అంటే ఉన్నాయి, నాలుగు. పన్నెండు మంది పిల్లలు ఒకడి తర్వాత ఒకడు అవే తలకి పెట్టుకుంటారు. పేలు చాలా ఖరీదైన వ్యవహారమని ఆడపిల్ల ఉన్న తల్లిగా నాకు బాగా తెలుసు. సొంతది కొనడానికి అదొక కారణం. అసలు కారణం వేరే ఉంది.

2023 అక్టోబర్ 20. మా రేంజర్స్‌కీ హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కీ ఏడు మ్యాచ్‌ల సిరీస్, చెరి రెండు మ్యాచ్‌లతో సమంగా ఉంది, ఐదోది మా ఇంటికి అరగంట లోపున్న అర్లింగ్టన్‌లో. మా తోడికోడలు వాళ్లు హ్యూస్టన్‌లో ఉంటారు కాబట్టి ఇది మా ఇంట్లో ఆట కాదు, ఆస్తి తగాదా. తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో ఆరో ఇన్నింగ్స్‌లో మన అడోలిస్ గార్సియా, జస్టిన్ వెర్లాండర్ బంతిని జనంలోకి కొట్టి (అదే హోమ్ రన్) మూడు పరుగులు తెచ్చాడు. కొట్టాక పరిగెత్తలేదు. ఊళ్లో పొలం గట్టు మీద నడిచినట్టు తాపీగా నడిచాడు. ఈ ఆటలో అవతలి జట్టు దాన్ని అవమానంగా తీసుకుంటుంది. మా ఇల్లు ఎగిరిపోయింది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మళ్లీ అతని వంతు. బ్రయాన్ అబ్రెయు వేసిన మొదటి బంతే, గంటకి దాదాపు 99 మైళ్లు, నేరుగా వచ్చి చేతికి తగిలింది. గార్సియా పిచర్ మీదకి పోలేదు. గిరుక్కున తిరిగి, క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) మాల్డొనాడో మొహంలో మొహం పెట్టి అరిచాడు. రెండు జట్లూ మైదానంలోకి వచ్చేశాయి. పిచర్నీ, గార్సియానీ, ఆస్ట్రోస్ మేనేజర్ డస్టీ బేకర్‌నీ అంపైర్లు బయటికి పంపేశారు. ఆ గొడవ చల్లారాక తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఆల్టువే మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. మేం 5-4 తో ఓడిపోయాం. హ్యూస్టన్ నుంచి వాట్సాప్‌లో నవ్వు బొమ్మలు వరసగా దిగాయి.

తర్వాత రెండు మ్యాచ్‌లు వాళ్ల ఊళ్లోనే గెలిచాం. ఆరో మ్యాచ్‌లో వాళ్ల జనం ఈలలు, తిట్ల మధ్య గార్సియా నాలుగుసార్లు స్ట్రయికౌట్ అయ్యి (బంతి కొట్టలేక ఔటయ్యి), ఐదోసారి గ్రాండ్ స్లామ్, అంటే నాలుగు పరుగుల హోమ్ రన్, కొట్టాడు. ఏడో మ్యాచ్‌లో ఇంకో రెండు హోమ్ రన్లు. అప్పుడు వాట్సాప్‌లో నిశ్శబ్దం. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ కూడా మనదే, రేంజర్స్ చరిత్రలో మొదటిది. అబ్రెయు కావాలని వెయ్యలేదన్నాడు. లీగ్ నమ్మలేదు, రెండు మ్యాచ్‌ల నిషేధం వేసింది.

అప్పటికి మావాడికి తొమ్మిదేళ్లు. ఆ రాత్రి పడుకునే ముందు అడిగాడు, "అమ్మా, బాగా కొడితే బంతితో కొడతారా?" అని. ఈ ఏడాది పిచింగ్ మెషీన్ పోయి, మనుషులే బంతి వేసే డివిజన్‌కి మారాడు. దుకాణంలో జా గార్డ్ చూడగానే ఆ ప్రశ్న గుర్తొచ్చింది. ధర చూసి మళ్లీ పెట్టేశాను, ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో ఇంకో ఆరు డాలర్లు తక్కువకి కొన్నాను. ఆ తర్వాత కథ పైన చెప్పాను.

సైజు విషయం. చార్ట్ నమ్మకండి. టైలర్ టేపుతో కనుబొమ్మలకి వేలెడు పైన చుట్టూ కొలవండి, జుట్టు కత్తిరించాక కొలవండి. మావాడికి క్షవరం చేయించక ముందు కొలిచి పెద్దది తీసుకున్నాను. క్షవరం అయ్యాక తల అటు తిప్పితే హెల్మెట్ ఇటు చూసేది. లోపల అతికించుకునే మందం మెత్తలు నాలుగు ఇచ్చారు కాబట్టి సరిపోయింది. కొత్తలో చెవుల దగ్గర బిగుతు. పెట్టుకునేటప్పుడు రెండు డొప్పల్నీ వేళ్లతో బయటికి లాగి దించాలి, లేకపోతే చెవి మడతపడి ఏడుపు.

చూపు గురించి చాలామంది తల్లులు నన్నడిగారు. గార్డ్ కింది చూపుకి అడ్డమొస్తుందా? మొదటి వారం వచ్చింది. మోకాళ్ల దగ్గర లోపలికి వచ్చే బంతి ఆలస్యంగా కనిపిస్తోందన్నాడు. రెండో వారం నుంచి ఆ మాట లేదు. నీళ్ల సీసా మాత్రం ఇప్పటికీ ఇబ్బందే, మూతి పక్కకి తిప్పి తాగాలి. ఇక పొద్దుతిరుగుడు గింజలు. ఈ ఆటలో పిల్లాడి నుంచి ముసలి కోచ్ దాకా అందరూ వాటిని నమిలి పొట్టు ఉమ్ముతుంటారు. మావాడు ఎడమవైపు ఉమ్మితే గార్డ్‌కే తగిలి చొక్కా మీద పడుతుంది. ఆ అలవాటు తగ్గితే అది కూడా ఈ హెల్మెట్ గొప్పతనంలో వేస్తాను.

మా అత్తయ్యా మామయ్య గారూ జనవరిలో వచ్చి జూన్ దాకా ఉన్నారు. రెండో హెల్మెట్ పెట్టె విప్పగానే అత్తయ్య దాన్ని దేవుడి గూట్లో పెట్టి, పసుపూ కుంకుమా అద్ది, కొబ్బరికాయ కొట్టారు. బండి కొన్నా అంతే, స్టవ్ కొన్నా అంతే. కుంకుమ తుడిస్తే పోయింది. మిగిలింది వెనక భాగాన ఆంజనేయస్వామి స్టిక్కరు. మొదటి మ్యాచ్ ముందు అంపైర్ అందరి హెల్మెట్లూ తిప్పి చూస్తాడు, నాక్సీ (భద్రతా ప్రమాణం) ముద్ర ఉందా, పగుళ్లున్నాయా అని. మావాడిది చూసి, ఈ స్టిక్కర్ తియ్యాలి అన్నాడు, మర్యాదగానే. హెల్మెట్ తయారీదారు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా దాని మీద రంగు వెయ్యకూడదు, టేపు, స్టిక్కర్ అంటించకూడదట. జిగురులో, రంగులో ఉండే రసాయనాలు ప్లాస్టిక్‌ని పెళుసు చేస్తాయని భయం. అత్తయ్యకి ఎలా చెప్పాలో తెలియక, స్వామి బ్యాగులో ఉంటే బ్యాటూ గ్లవ్సూ అన్నింటినీ చూసుకుంటాడని చెప్పాను. ఒప్పుకున్నారు. ఆ జిడ్డు గుర్తు ఇంకా ఉంది. పేరు రాసే స్టిక్కర్లకీ ఇదే రూలు, కాబట్టి పేరు లోపలి మెత్త మీద రాయండి.

మామయ్య గారు నరసరావుపేటలో లెక్కల మేష్టారుగా రిటైరయ్యారు. కాలేజీలో వికెట్ కీపరు. బ్యాటర్ పరుగు కోసం చుట్టి రావాల్సిన నాలుగు గుర్తుల్లో మొదటిది ఫస్ట్ బేస్. ఈ ఆటలో ఆయనకి మింగుడు పడనిది ఒక్కటే. "బంతి తగిలితే బ్యాటర్‌కి ఉచితంగా ఫస్ట్ బేస్ ఇస్తారా? దెబ్బకి పరిహారమా?" అనేవారు. మా వారు అన్నీ వివరించేవారు, ఆయన వినేవారు కాదు, మళ్లీ అడిగేవారు. మైదానం పక్కన మడత కుర్చీలో, తలకి మఫ్లర్‌తో.

"బౌన్సర్ వేస్తే మాకు హుక్ షాట్ ఉందిరా. వంగొచ్చు. వదిలెయ్యొచ్చు. బంతి నేల తాకి వస్తుంది, చూసుకునే టైముంటుంది. ఇక్కడ వీడికేముంది?"

"ఏమీ లేదు నాన్నా," అన్నారు మా వారు. "తప్పుకోవడమే."

పెద్దవాళ్ల ఆటలో పిచర్‌కీ బ్యాటర్‌కీ మధ్య దూరం 60 అడుగుల 6 అంగుళాలు. మన క్రికెట్ పిచ్ 66 అడుగులు. 95 మైళ్ల బంతి చేరడానికి అర సెకను కూడా పట్టదు, పైగా నేల తాకకుండా వస్తుంది. మావాడి డివిజన్‌లో 46 అడుగులే. వేగం తక్కువ, అదొక్కటే ఊరట.

మామయ్య గారికి నారీ కాంట్రాక్టర్ గుర్తొచ్చేవాడు. 1962 లో బార్బడోస్‌లో చార్లీ గ్రిఫిత్ బంతికి మన కెప్టెన్ పుర్రె చిట్లింది. అవతలి కెప్టెన్ ఫ్రాంక్ వోరెల్ తన రక్తమిచ్చాడు. కాంట్రాక్టర్ బతికాడు కానీ మళ్లీ టెస్ట్ ఆడలేదు. చిన్నప్పుడు వాళ్ల నాన్న పేపర్లో చదివి వినిపిస్తే ఈయన ఏడ్చారట. దానికి మా వారు 1920 చెప్పారు. న్యూయార్క్‌లో కార్ల్ మేస్ వేసిన బంతి క్లీవ్‌లాండ్ ఆటగాడు రే చాప్‌మన్ కణతకి తగిలింది. చప్పుడు ఎంత గట్టిగా వచ్చిందంటే, బ్యాటుకి తగిలిందనుకుని మేస్ ఆ బంతిని ఏరి ఫస్ట్ బేస్‌కి విసిరాడు. చాప్‌మన్ మర్నాడు తెల్లవారేసరికి పోయాడు. పెద్ద లీగుల్లో మ్యాచ్‌లో బంతి తగిలి పోయినవాడు అతనొక్కడే. అప్పట్లో ఒకే బంతిని మట్టికొట్టుకుపోయేదాకా వాడేవారు, సాయంత్రం వెలుగులో కనపడేది కాదు. ఆ తర్వాత మురికి బంతులు వెంటవెంటనే మార్చడం మొదలైంది. హెల్మెట్ తప్పనిసరి అయ్యింది మాత్రం 1971 లో! అది కూడా కొత్తగా వచ్చేవాళ్లకే, పాతవాళ్ల ఇష్టం వాళ్లది. "యాభై ఏళ్లా?" అన్నారు మామయ్య గారు. అని, మఫ్లర్ సర్దుకున్నారు.

ఈ చెంప గార్డ్ ఇంకా కొత్త. 2013 లో అట్లాంటా ఆటగాడు జేసన్ హేవర్డ్ దవడ రెండు చోట్ల విరిగింది. నెల తిరిగేసరికి హెల్మెట్‌కి ఇలాంటి పట్టీ తగిలించుకుని దిగాడు. 2014 సెప్టెంబర్‌లో మైక్ ఫయర్స్ బంతి జియాన్‌కార్లో స్టాంటన్ ముఖాన తగిలింది. ఆ రెండూ పగతో వేసినవి కావు, చెయ్యి జారినవే. అదే నా పాయింటు. కావాలని వేసేవాడు సాధారణంగా నడుముకో వీపుకో వేస్తాడు, తలకి వెయ్యడం వాళ్లలో వాళ్లకే నీచం. కానీ 95 మైళ్ల బంతికి నడుమేదో తలేదో అంత బాగా తెలియదు. తల్లిగా నాకు కోపంతో వేసింది, చెయ్యి జారింది రెండూ ఒకటే. నేను 74 డాలర్లు పెట్టింది ఆ రెండింటికీ.

ఏప్రిల్‌లో మామయ్య గారిని అర్లింగ్టన్ తీసుకెళ్లాం, రేంజర్స్ కొత్త స్టేడియం చూపించడానికి. బయట రేంజర్స్ పాత పిచర్ నోలన్ రయన్ విగ్రహం ఉంది. దాని దగ్గర ఫోటో తీస్తూ మా వారు 1993 ఆగస్ట్ 4 కథ చెప్పారు. రయన్‌కి అప్పుడు 46 ఏళ్లు, అదే ఆఖరి సీజను. చికాగో వైట్ సాక్స్ కుర్రాడు రాబిన్ వెంచురాకి 26. బంతి తగలగానే వెంచురా బ్యాట్ వదిలేసి, హెల్మెట్ తీసి పారేసి పిచర్ మీదకి పరిగెత్తాడు. రయన్ కదల్లేదు. దగ్గరికి రానిచ్చి, మెడ చంకలో ఇరికించుకుని, తల మీద పిడిగుద్దులు గుద్దాడు. వెంచురాని ఆటలోంచి పంపేశారు, రయన్‌ని ఉండనిచ్చారు. ఆయన ఏడు ఇన్నింగ్స్ బంతి వేసి మ్యాచ్ గెలిపించి మరీ వెళ్లాడు. "నలభై ఆరేళ్లకా!" అన్నారు మామయ్య గారు. "ఆ వయసులో నాకు బస్సెక్కితే ఆయాసం." విగ్రహంతో ఇంకో ఫోటో తీయించుకున్నారు.

రోడ్డుకి అవతల పాత స్టేడియం. అందులోనే 2016 మే 15 న టొరంటో ఆటగాడు హొసే బటిస్టాకి మన రోగ్‌నెడ్ ఒడోర్ దవడ మీద ఒక్కటిచ్చాడు. తగువు అంతకు ఏడు నెలల ముందుది. 2015 అక్టోబర్‌లో టొరంటోలో బటిస్టా మన పిచర్ సామ్ డైసన్ బంతికి హోమ్ రన్ కొట్టి, బ్యాట్‌ని గాల్లోకి విసిరేశాడు. సీజన్ ముగిసింది, చలికాలం వెళ్లింది, మళ్లీ వసంతం వచ్చింది. మర్చిపోయారా అంటే లేదు. ఆ మేలో రెండు జట్ల ఆఖరి మ్యాచ్, ఆఖరి అవకాశం అన్నట్టు ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మాట్ బుష్ బంతి బటిస్టా పక్కటెముకలకి తగిలింది. బటిస్టా ఫస్ట్ బేస్‌కి నడిచి, అక్కడి నుంచి సెకండ్ బేస్‌కి వెళ్తూ ఒడోర్ కాళ్ల మీదకి జారాడు. ఒడోర్ తోసి, గుద్దాడు. బటిస్టా కళ్లద్దాలూ హెల్మెట్టూ ఎగిరిపోయాయి. ఒడోర్‌కి ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం వేసి తర్వాత ఏడు చేశారు. ఇక్కడ చాలామంది ఆ ఫోటో ఇప్పటికీ గర్వంగా చూపిస్తారు. అయితే కథ అక్కడ ఆగలేదు. ఆ అక్టోబర్‌లో మళ్లీ టొరంటో తగిలింది. సిరీస్ ఆఖరి బంతికి ఒడోర్ విసిరిన త్రో పక్కకి పోయి వాళ్లకి గెలుపు పరుగు వచ్చింది. మూడుకి మూడూ ఓడి ఇంటికి. అత్తయ్య అంతసేపూ చెట్టు కింద కూర్చుని వింటూనే ఉన్నారు. "ఉసురు తగిలింది" అన్నారు.

హెల్మెట్ గురించి రాస్తున్నాను కాబట్టి వాషింగ్టన్ బ్యాటర్ బ్రైస్ హార్పర్ సంగతి కూడా చెప్పాలి. 2014 ప్లేఆఫ్స్‌లో శాన్ ఫ్రాన్సిస్కో పిచర్ హంటర్ స్ట్రిక్‌లాండ్ బంతుల్ని రెండుసార్లు హోమ్ రన్ కొట్టాడు. స్ట్రిక్‌లాండ్ 2017 మే 29 దాకా గుర్తుంచుకుని, ఎదురవగానే మొదటి బంతి నడుముకేశాడు. హార్పర్ పరిగెత్తుకెళ్తూ హెల్మెట్ తీసి అతని మీదకి విసిరాడు. అది ఎటో పోయింది, గజాల దూరంలో. ఆ వీడియో మావాడు కనీసం వందసార్లు చూసుంటాడు, ప్రతిసారీ పడీపడీ నవ్వుతాడు. జా గార్డ్ ఉన్నది ఇంకా వంకరగా పోతుందని నా అంచనా. విసరడానికి కొనేవాళ్లకి ఇది పనికిరాదు. ఆ వీడియోలో నవ్వు రాని ముక్క ఒకటుంది. గొడవ ఆపడానికి పరిగెత్తిన స్ట్రిక్‌లాండ్ జట్టు ఆటగాడు మైకేల్ మోర్స్, సొంత జట్టువాడు జెఫ్ సమార్జియా ఒకరినొకరు గుద్దుకున్నారు. మోర్స్ తల అదిరింది. ఆ తర్వాత పెద్ద లీగులో ఇంకో మ్యాచ్ ఆడలేదు. వాళ్లిద్దరి తగాదాతో అతనికి ఏ సంబంధమూ లేదు. అదే జట్టు క్యాచర్ బస్టర్ పోసీ మాత్రం ఉన్నచోటి నుంచి కదలకుండా నిలబడి చూశాడు. అందరూ అతన్ని తిట్టారు. నాకు మాత్రం అక్కడ బుద్ధి ఉన్నవాడు అతనొక్కడే అనిపించింది.

ఇక అసలు పరీక్ష. మే మొదటి శనివారం, నాలుగో ఇన్నింగ్స్. అవతలి పిచర్ పొడుగ్గా, సన్నగా ఉన్న పిల్లాడు, మావాడి కన్నా జానెడు ఎత్తు. అంతకు ముందు వంతులో మావాడు అతని బంతిని ఫెన్స్ దాకా కొట్టి, సెకండ్ బేస్ మీద నిలబడి చేతులు పైకెత్తాడు. నాకు అప్పుడే లోపల కాస్త గుబులు. రెండోసారి మూడో బంతి. నాకు బంతి కనపడలేదు, చప్పుడు వినపడింది. బ్యాటుకి తగిలితే "టంగ్" మంటుంది, అది లోహం. ఇది "టక్" అని, టెంకాయ చిప్ప అరుగు మీద పడ్డట్టు. మావాడి తల కుడివైపుకి తిరిగి, ఒక అడుగు వెనక్కి పడింది. మామయ్య గారు కుర్చీతో సహా లేచారు. మఫ్లర్ కింద పడింది.

వాడు పడలేదు. కోచ్ పరిగెత్తుకొచ్చి కళ్లల్లోకి చూసి, వేళ్లు లెక్కపెట్టమన్నాడు, ఈరోజు ఏ వారం అన్నాడు, గార్డ్ పక్కకి జరిపి దవడ తడిమాడు. వాడి చెయ్యి చెంప దాకా వచ్చి ఆగిపోయింది. ఈ ఆటలో దెబ్బ తగిలినచోట రుద్దుకోకూడదు, నొప్పి పిచర్‌కి చూపించకూడదు. ఎవరూ పుస్తకంలో రాయలేదు, అందరికీ తెలుసు. పదకొండేళ్లవాడికి కూడా. బ్యాట్ కింద పెట్టి ఫస్ట్ బేస్‌కి నడిచాడు. నేను ఫెన్స్ పట్టుకుని నిలబడ్డాను, నా వేళ్ల మీద తీగ అచ్చులు సాయంత్రం దాకా ఉన్నాయి.

ఏడ్చింది అవతలి పిల్లాడు. మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) మీద టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి. "వాడేడుస్తాడేంటి?" అన్నారు మామయ్య గారు, తనకి తాను చెప్పుకుంటున్నట్టు. ఇటు మా డగౌట్‌లో (జట్టు కూర్చునే చోట) మా పిచర్, వీడి ప్రాణస్నేహితుడు, గ్లవ్‌లో పిడికిలి కొడుతూ, "నేను చూసుకుంటా, వాళ్ల మొదటి బ్యాటర్‌ని వదలను" అంటున్నాడు. వాడూ ఆ వీడియోలే చూస్తాడు మరి. కోచ్ విన్నాడు. ఏమీ అనలేదు, వాడి చేతిలోంచి బంతి తీసుకుని ఆ ఇన్నింగ్స్‌కి రైట్ ఫీల్డ్‌కి పంపేశాడు. మ్యాచ్ అయ్యాక రెండు జట్లూ వరసలో చేతులు కలుపుతారు కదా, ఆ పొడుగు పిల్లాడు మావాడి దగ్గరకొచ్చి ఆగి, చెయ్యి కలపలేదు, గార్డ్ మీద వేలితో తట్టి చూశాడు. ఇద్దరూ ఏదో అనుకున్నారు. కార్లో అడిగితే, "ఇది ఎక్కడ కొన్నావని అడిగాడమ్మా" అన్నాడు.

ఇంటికొచ్చి చెంప చూశాం. ఎర్రగా, మెత్త అంచు పడినచోట గీత. దవడ బాగుంది, పళ్లు బాగున్నాయి. డాక్టరు దగ్గరకీ వెళ్లాం, తలనొప్పి, వాంతి లాంటివి రెండ్రోజులు గమనించమన్నారు, ఏమీ రాలేదు. గార్డ్ మీద బియ్యపు గింజంత తెల్లటి గాటు, దాని పక్కన బంతి కుట్ల అచ్చు, చీమలబారులాగా.

ఇప్పుడు తిట్లు. మూడో వారానికే ముందు స్క్రూ వదులైంది. ఐదో వారం ఒక స్క్రూ లేనే లేదు. డగౌట్ నేల మీద పొద్దుతిరుగుడు పొట్టులో మోకాళ్ల మీద కూర్చుని పావుగంట వెతికితే దొరికింది. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం రాత్రి స్క్రూడ్రైవర్‌తో బిగించడం మా వారి డ్యూటీ. 74 డాలర్ల వస్తువుకి రెండు స్పేర్ స్క్రూలు ఇవ్వడానికేం రోగం? బంతి తగిలాక మార్చాలా వద్దా అని కంపెనీకి ఫోటోలతో రాశాను. పదకొండో రోజున జవాబొచ్చింది, పగుళ్లుంటే వాడొద్దు అని ఒక్క ముక్క. పగులుందో లేదో ఎలా చూడాలో లేదు. చివరికి కోచ్ టార్చిలైట్ లోపలి నుంచి వేసి చూసి, లేదన్నాడు. నేను గార్డ్ వరకు 22 డాలర్లు పెట్టి అదే కంపెనీది కొత్తది తెప్పించి మార్చాను. వేరే కంపెనీది బిగిస్తే, లేదా మనమే రంధ్రం వేస్తే, అంపైర్ ఒప్పుకోడు.

వాసన గురించి పెద్దగా చెప్పను. జూన్‌లో ఇక్కడ 100 డిగ్రీల ఫారెన్‌హీట్, మీరే ఊహించుకోండి. మెత్తలు విప్పి సబ్బునీళ్లతో ఉతికి నీడలో ఆరెయ్యాలి. ఒకసారి కారు డిక్కీలో మర్చిపోతే జిగురు కరిగి రెండు మెత్తలు ఊడొచ్చాయి.

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. స్క్రూలకి ఒకటి కోశాను. రంగు నలుపు వద్దు, ఎండలో మాడుతుంది.

పాత గార్డ్ పారేద్దామంటే మామయ్య గారు వద్దన్నారు. వెళ్లేటప్పుడు పంచెల మధ్య చుట్టి సూట్‌కేస్‌లో పెట్టుకున్నారు, ఆ గాటు పైకి కనపడేట్టు. నరసరావుపేటలో సాయంత్రం అరుగు మీద స్నేహితులకి చూపిస్తున్నారట. నిన్న ఫోన్‌లో అడిగారు, "అమ్మాయ్, క్రికెట్ హెల్మెట్‌కి ఇది బిగుస్తుందా?" అని. దానికి ముందు గ్రిల్ ఉంటుంది కదా మామయ్య గారూ అన్నాను. "అవును కదూ" అన్నారు.